జర వాసన చూడు

జూన్ 24, మంగళవారం

జ్వరం తగ్గింది. చాయ్‌కి వాసన లేదు.

జూన్ 25, బుధవారం

చాయ్‌కే కాదు, అల్లానికీ లేదు. వెల్లుల్లికీ లేదు. ఉల్లిగడ్డ కోస్తే కళ్లలో నీళ్లు వచ్చాయి, వాసన మాత్రం రాలేదు. తలుపు దగ్గరగా వేసి అగరబత్తి వెలిగించి ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టుకున్నాను. వేడి తగిలింది. అంతే.

నాలుకకి ఉప్పు తెలుస్తోంది. కారం, పులుపు, తీపి తెలుస్తున్నాయి. మిగతాదంతా ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టుంది.

జలుబు పోతే వస్తుందిలే.

జూన్ 29, ఆదివారం, మధ్యాహ్నం

జలుబు పోయింది. వాసన రాలేదు.

ఎవరికీ చెప్పుకోలేక ఇందులో రాస్తున్నాను. ఈ డైరీ ఆయన పనిచేసే అశోక్‌నగర్ పుస్తకాల షాపులో న్యూ ఇయర్‌కి ఇచ్చారు. ఇన్నాళ్లూ ఖాళీగానే పడి ఉంది. నేను ఏడో తరగతి వరకే చదివాను, తప్పులుంటాయి. ఎవరూ చూడరు కాబట్టి పర్వాలేదు. పప్పుల డబ్బాల వెనక దాస్తున్నాను.

నాకు ఎందుకింత భయమో రాసుకుంటే భయం తగ్గుతుందేమో.

మా అమ్మానాన్నలు పాలమూరు నుంచి వచ్చి అడిక్‌మెట్‌లో బిల్డింగ్ పనులు చేసుకుంటున్నారు. పెళ్లిచూపులకి అత్తమ్మ, ఆమె కూతురు రాగిణి వదిన ఆటోలో మా రేకుల ఇంటికి వచ్చారు. నేను గంటసేపు తల ఎత్తలేదు. పేరు అడిగితే అమ్మే చెప్పింది. వంట వస్తుందా అంటే అమ్మే చెప్పింది. పిల్లకి మాటలు రావేమో అని వదిన నవ్వింది. అప్పుడు ఉన్నట్టుండి నా నోట్లోంచి వచ్చేసింది, పక్కింట్లో అన్నం అడుగంటుతున్నదని. మధ్యలో గోడ ఉంది, తలుపులు మూసి ఉన్నాయి. అత్తమ్మ వదినని పంపి చూపించింది. నిజంగానే అడుగంటింది. అత్తమ్మ లేచి నా గడ్డం పట్టుకుని, "ఇగ వేరే పిల్లను చూసేది లేదు" అన్నది.

అలా చిక్కడపల్లిలో ఇంత పెద్ద పాత ఇంటికి వచ్చాను. ఎనిమిది నెలలైంది. ఎవరు వచ్చినా అత్తమ్మ ఇదే కథ చెబుతుంది. "అందరు మొఖం చూసి తెచ్చుకుంటరు, నేను ముక్కు చూసి తెచ్చుకున్న" అంటుంది. అందరూ నవ్వుతారు.

ఇవాళ అన్నం తింటూ అత్తమ్మ అన్నది, ఈసారి బోనాలకి తొడ నువ్వే చెయ్యాలె అని. నా చేతిలో ముద్ద కింద పడింది. ఆయన సంతోషపడ్డాడు. నేను సంతోషంతో వణికాననుకున్నట్టున్నాడు.

జూన్ 30, సోమవారం

తొడ అంటే ఈ ఇంట్లో ఒక్కటే అర్థం. బోనాల ఆదివారం చేసే తొడ రోస్ట్. యాట తొడని, మేకదో గొర్రెదో, నిండుగా అలాగే ఉంచి, కత్తితో లోతుగా గాట్లు పెట్టి, పచ్చి బొప్పాయి ముద్ద, అల్లం వెల్లుల్లి, గట్టి పెరుగు, గసగసాలు, మిరియాలు పట్టించి ఒక రోజంతా ఊరబెడతారు. తెల్లారి పెరట్లో కుంపటి మీద మందం గంజు గిన్నెలో పెట్టి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తి, మూత మీద కూడా నిప్పులు వేస్తారు. రెండు గంటలు. మధ్యలో తీసి చూడటం ఉండదు. పోయిన మామ బతికుండగా దీని కోసం ఆఫీసు వాళ్లందరినీ పిలిచేవాడట. చుట్టాలు పండక్కి కాదు, పద్మక్క తొడకి వస్తున్నాం అంటారట. పద్మక్క అంటే అత్తమ్మే.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఒకటుంది. అమ్మవారికి మొదటి ముక్క పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు. వేలు కూడా నాకకూడదు. ఎంగిలి. ఉప్పు చాలిందా, మసాలా వేగిందా, మాంసం మగ్గిందా, అన్నీ వాసనతోనే చెప్పాలి.

అందుకే ముక్కు చూసి తెచ్చుకున్నది.

జులై 2, బుధవారం

అత్తమ్మకి ఒక అలవాటుంది. ఏ కూర చేసినా గరిటె నా ముందు పెట్టి, జర వాసన చూడు అంటుంది. నాకు నేర్పిస్తోంది అనుకునేదాన్ని. ఉప్పు తక్కువ అంటే వేసేది. జీలకర్ర ఇంకొంచెం వేగాలంటే వేయించేది. నేను చెప్పింది ఒక్కసారి కూడా కాదనలేదు. ఇంత మర్యాద నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ మాట అంటేనే భయం. ఇవాళ వంకాయ దగ్గర అడిగింది. వంగి వాసన చూసినట్టు నటించాను. ఆమె అటు తిరగగానే గరిటె చివర నాకి, ఉప్పు చాలలేదు అత్తమ్మా అన్నాను. మామూలు రోజు కాబట్టి సరిపోయింది.

బోనాల రోజు నాకలేను.

జులై 4, శుక్రవారం

ఆవిరి పట్టాను. మిరియాల పాలు తాగాను. వాము గుడ్డలో కట్టి పీల్చాను. ఆయనకి జలుబు ఇంకా ఉందని చెప్పాను. ఆయన మంచివాడు. పడుకో అన్నాడు.

జులై 6, ఆదివారం

ఇవాళ ట్రయల్. నారాయణగూడ మార్కెట్ నుంచి ఆయన చిన్న తొడ తెచ్చాడు. అత్తమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చున్నది. నేను గంజుకి మూడడుగుల దూరం, ఆమె రెండడుగులు. ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం. గేటు తీసుకుని వస్తూ ఆయన అరిచాడు: "ఏందమ్మా ఇది? గల్లీ మొగదల దాకా మాడు వాసన వస్తున్నది!"

మూత తీస్తే అడుగంతా బొగ్గు. పైన ఉన్న మాంసం గీకి తిన్నారు. బాగుంది అని ఆయన నాలుగుసార్లు అన్నాడు. నాలుగుసార్లు అంటే బాగాలేదని.

అత్తమ్మ నవ్వుతూనే, "నీ ముక్కు యాడికి పోయిందే?" అన్నది. తరువాత గిన్నెలు తోముతుంటే ఒక ఆలోచన వచ్చింది. ఆమె నాకన్నా దగ్గరగా కూర్చున్నది కదా. ధైర్యం చేసి అడిగాను. నీ మీద ఇడిసిపెట్టిన, నేను పట్టించుకోలే అన్నది. గొంతు గట్టిగా ఉంది. ఇంకేం అడగను.

జులై 8, మంగళవారం

అత్తమ్మ మాటిమాటికీ నా మొహంలోకి చూస్తోంది.

జులై 9, బుధవారం

అమ్మకి ఫోన్ చేశాను. బాత్రూంలో నల్లా తిప్పి మాట్లాడాను. అమ్మ చెప్పింది: "ఎవ్వలకు చెప్పకు బిడ్డా. ముక్కు చూసి చేసుకున్నరు. పండుగ అయ్యేదాంక గమ్మునుండు." పండగ అయ్యాక ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

ఆయనకి చెబితే కోప్పడడు. కానీ ఆయన అత్తమ్మకి చెబుతాడు. అత్తమ్మ వదినకి చెబుతుంది. వదిన విద్యానగర్‌లో ఉంటుంది, పది నిమిషాల్లో వస్తుంది. వచ్చి నవ్వుతుంది. నాకు ఇంగ్లీషు రాదు, బయటికి వెళ్లి నలుగురితో మాట్లాడలేను, వదినలాగా స్కూటీ నడపలేను. ఈ ఇంట్లో నాకున్నది ఒక్కటే. అది పోయింది.

జులై 11, శుక్రవారం, మధ్యాహ్నం 12

అక్షరాలు సరిగ్గా రావడం లేదు.

పొద్దున స్టవ్ మీద పాలు పెట్టాం. మేమిద్దరం స్టవ్‌కి వీపు పెట్టి కింద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాం. ముందు గదిలో టీవీ మోగుతోంది. పాలు పొంగి మంట ఆరిపోయింది. మాకు తెలియదు. ఎంతసేపయిందో కూడా తెలియదు. గిన్నె నిండా వెల్లుల్లి ఒలిచేంతసేపు.

అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. రెండో పొయ్యి మీద పెనం పెట్టింది. లైటర్ తీసుకున్నది.

ఆయన ఫోన్ మర్చిపోయి సగం దారి నుంచి వెనక్కి వచ్చాడు. చెప్పులతోనే వంటింట్లోకి ఉరికి వచ్చి అత్తమ్మ చేతిలో లైటర్ లాక్కున్నాడు. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు, తలుపులు అన్నీ తెరిచి, మా ఇద్దర్నీ రెక్కలు పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చాడు. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. "ఇద్దరున్నరు గదా ఇంట్ల! ఒక్కరికన్న వాసన రాలేదా?"

నేను నేల చూశాను. అత్తమ్మ అన్నది, "నాకొచ్చింది. కట్టేద్దామనే లేసిన."

ఆయన నమ్మాడు. నీళ్లు తాగి, మళ్లీ మళ్లీ స్టవ్ చూసి, షాపుకి వెళ్లాడు.

కట్టేద్దామని లేచిన మనిషి చేతిలో లైటర్ ఎందుకుంది?

జులై 12, శనివారం

ఇవాళ ఆయన వెళ్లాక అత్తమ్మ పెరటి తలుపు దగ్గరికి వేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నది. చాలాసేపు కొంగు మడతలు పెట్టుకుంటూ ఉన్నది. అప్పుడు అడిగింది:

"నీకు గూడ పోయిందా?"

నేను ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో తెలిసేలోపల ఆమె కూడా ఏడుస్తోంది.

కరోనా వచ్చినప్పుడు పోయిందట. అందరికీ నెలకి, రెండు నెలలకి వచ్చింది. ఆమెకి రాలేదు. నాలుగేళ్లు. ఎవరికీ చెప్పలేదు. మామ ఫొటోకి కూడా చెప్పలేదే అన్నది. చేతి అలవాటు మీద వండుతూ వచ్చింది. చెబితే ఏమవుతుంది అత్తమ్మా అన్నాను. చెబితే రాగిణి రేపే క్యాటరింగ్ వాళ్లను పిలుస్తది, అమ్మా నువ్వు కూసో అంటది, అన్నది. "కూసుంటే ఇగ లేసుడు ఉండదు బిడ్డా. వాళ్లు పెట్టింది తినుడే."

ఆ తరువాత మెల్లగా చెప్పింది, మా ఇంట్లో ఆ రోజు నేను అన్నం అడుగంటుతోంది అన్నప్పుడు ఆమెకి ఏమీ తెలియలేదట. వదినకీ తెలియలేదు. ఈ పిల్ల మా ఇంట్ల ఉంటే చాలు, నాకు ముక్కు దొరికినట్టే అనుకున్నదట.

ఎనిమిది నెలలు ఆమె నా ముక్కుతో వండింది. జూన్ నుంచి నా ముక్కు లేదని ఆమెకి తెలియదు. ఆమె ముక్కు లేదని నాకు తెలియదు. ఒకరిని చూసి ఒకరం ధైర్యంగా కూర్చున్నాం. గ్యాస్ పక్కన.

అది రాసి, లేచి వెళ్లి రెగ్యులేటర్ చూసి వచ్చాను.

ఆయనకి చెప్పాలి అన్నాను. నా జీవితంలో పెద్దవాళ్లకి ఎదురుచెప్పడం ఇదే మొదలు. పండుగ కానీ, ఆ రెండో రోజే చెప్దాం, నా మీద ఒట్టు అన్నది. అప్పటిదాకా పొయ్యి మీద గిన్నె ఉంటే ఒకరు దానిముందే నిలబడాలి. పని అవగానే రెగ్యులేటర్ ఇద్దరం చూడాలి. ఒకరు చూసి, రెండోవాళ్లు చెయ్యి పెట్టి చూడాలి.

జులై 13, ఆదివారం

వారం ఉంది. ఒక్క తొడ, రెండు ముక్కులు, రెండూ పనిచేయవు.

జులై 15, మంగళవారం

అత్తమ్మ ఉప్పు పిడికిలితో వేస్తుంది. ఇవాళ ఒక ప్లేట్‌లో ఆమె పిడికిలి ఉప్పు, పక్కన నా పిడికిలి ఉప్పు పోసి చూశాం. ఆమెది నాదాంట్లో సగం. చెయ్యి ఎముకలు తేలి చిన్నదైపోయింది. పోయిన సంవత్సరం చప్పగా ఉందని ఎవరూ ఆమెతో అనలేదట, కానీ అందరూ నిమ్మకాయ అడిగారట. ఇప్పుడు అర్థమైంది అన్నది.

కోడి కాళ్లు తెచ్చి మూడు రకాల ఉప్పుతో మూడు చేశాం. ఇవాళ ఎంగిలి అవుతుందన్న భయం లేదు కాబట్టి నాకాము, కొరికాము, మళ్లీ నాకాము. నాలుకకి ఉప్పు తెలుస్తుంది కదా. రెండోది సరిపోయింది. కిలో మాంసానికి ఆ లెక్కన చెంచాలు రాసిపెట్టుకున్నాను. ఆమె మూడోది మొత్తం తినేసింది. "ఆకలైందే, ఏం చూస్తవు" అన్నది. ఆమె నవ్వితే నాకూ నవ్వు వచ్చింది. చాలా రోజులైంది నవ్వి.

జులై 17, గురువారం

అత్తమ్మ చెవితో వినడం నేర్పుతోంది. నాలుగేళ్ల నుంచి ఆమె చేస్తున్నది అదే. కానీ చెవి కూడా ఈమధ్య మందగించింది, అందుకే పోయినసారి మాడటం వినలేకపోయింది. నా చెవులు బాగున్నాయి.

గంజుకి జానెడు దూరంలో చెవి పెట్టమంటుంది. "మొదలు నీళ్లు మాట్లాడుతయి, గుబగుబ. నీళ్లయిపోయినంక కొవ్వు మాట్లాడుతది, సన్నగ, చిటచిట. రెండు సప్పుడు జేయకపోతే అప్పుడు పరేషాన్ గావాలె." ఇంకో గుర్తు మూత చుట్టూ ఉన్న పిండి. అది బిస్కెట్ రంగుకి రావాలి. రంగు రాకముందు తీస్తే లోపల ఆవిరి పోయి మాంసం చెప్పులాగా అవుతుంది, మళ్లీ మూత పెట్టినా లాభం లేదు.

చిటచిట విన్నాను. నిజంగానే మాట్లాడుతుంది.

జులై 19, శనివారం, సాయంత్రం 5

తొడకి గాట్లు పెట్టాను. వేలు సగం దాకా దిగేలా. మసాలా గాట్లలోకి కూరాను. చెంచాలు లెక్కపెట్టి ఉప్పు వేశాను. అత్తమ్మ కూడా లెక్కపెట్టింది. అలవాటుకొద్దీ నన్ను అడగబోయి ఆగిపోయింది.

రేపు ముప్పై మంది.

జులై 20, ఆదివారం, సాయంత్రం 6

అందరూ వెళ్లిపోయారు. కాళ్లు లాగుతున్నాయి. మర్చిపోకముందే రాయాలి.

పదకొండున్నరకి గంజు కుంపటి మీద పెట్టాను. పిండి మెత్తాను, మూత మీద నిప్పులు వేశాను. అత్తమ్మ బోనం ఎత్తుకునే పనిలో ఉంది. నేను చెవి పెట్టి కూర్చున్నాను. నీళ్లు మాట్లాడాయి. ఒంటిగంట దాటాక కొవ్వు మాట్లాడటం మొదలుపెట్టింది. అంతా చెప్పినట్టే జరుగుతోంది.

అప్పుడు మా గల్లీలోకి ఊరేగింపు వచ్చింది. డప్పులు. వెనక డీజే బండి. ఇంటి కిటికీలు వణికాయి. నాకు గంజు వినపడలేదు. ఏమీ వినపడలేదు. ముక్కు లేదు, ఇప్పుడు చెవి కూడా లేదు. పిండి రంగు చూశాను, ఇంకా లేత రంగులోనే ఉంది. లోపల ఏమవుతోందో దేవుడికే తెలియాలి.

సరిగ్గా అప్పుడే రాగిణి వదిన పట్టుచీరలో పెరట్లోకి వచ్చింది. ముక్కు ఎగబీల్చింది. "మాడుతున్నది! ఏయ్ అంబికా, మాడుతున్నది, నీకు వాసన రాలేదా? మూత తియ్యి ముందు!"

అత్తమ్మ బోనం పక్కన పెట్టి పరుగున వచ్చింది. నా మొహం చూసింది. ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు. నిజంగా మాడుతూ ఉంటే తియ్యాలి. మాడకపోతే తియ్యకూడదు. తీస్తే అమ్మవారి తొడ చెప్పు ముక్క అవుతుంది, ముప్పై మంది ముందు. తియ్యకపోతే బొగ్గు అవుతుంది, ముప్పై మంది ముందు. వదిన గుడ్డ తీసుకుని మూత మీదికి వంగింది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎలా పట్టుకున్నానో తెలియదు. పక్కనున్న పొడుగాటి చెక్క గరిటె తీసి, ఒక చివర గంజుకి ఆనించి, ఇంకో చివర చెవికి గట్టిగా అదిమి పెట్టుకున్నాను. ఇంకో చెవిలో వేలు పెట్టుకున్నాను. మొదట డప్పులే. తరువాత డప్పుల కింద, చెక్కలోంచి, చాలా సన్నగా, చిటచిట. ఆగకుండా.

తల ఎత్తితే మూత అంచు కనపడింది. పిండి ముద్ద ఒక ముక్క ఊడి నిప్పుల్లో పడి నల్లగా కాలుతోంది.

"లోపల మాడలేదు వదినా. అది పిండి" అన్నాను. ఇంకా పదిహేను నిమిషాలు తియ్యొద్దు అని కూడా అన్నాను.

అత్తమ్మ గట్టిగా అన్నది: "కోడలు వద్దంటున్నది గదా, ఇనపడలేదా? పో, విస్తర్లు ఎయ్యి."

ఆ పదిహేను నిమిషాలు నేను దేవుణ్ణి కూడా తలుచుకోలేదు. గరిటె చెవికి పెట్టుకుని లెక్కపెడుతూ కూర్చున్నాను. నేను తప్పయితే ఈ ఇంట్లో ఇంకెప్పుడూ నోరు తెరవలేను అని మాత్రం తెలుసు.

పిండి బిస్కెట్ రంగుకి వచ్చింది. మూత తీశాను. ఆవిరి మొహానికి తగిలింది. చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒక్కసారి "అబ్బా" అన్నారు. అప్పుడు తెలిసింది వాసన బాగుందని. తొడ ముదురు ఎరుపు రంగులో మెరుస్తోంది. మాంసం ఎముక చివర నుంచి బొటనవేలంత వెనక్కి జరిగింది. అమ్మవారికి మొదటి ముక్క పెట్టారు. తరువాత తలా ఒక ముక్క.

పోయిన మామ వాళ్ల అన్న, మా పెద్ద మామయ్య ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మా ఆయన ఎముక పట్టుకుని మూలకి వెళ్లిపోయాడు, ఎవరూ అడగకుండా. వదిన రెండోసారి చెయ్యి చాపింది. మూడోసారి కూడా చాపింది. నిమ్మకాయ ఎవరూ అడగలేదు.

నేనూ తిన్నాను. పళ్లకి అడ్డం లేకుండా జారిపోయింది. పైన కరకరమనే పొర, లోపల వెన్న. నా నోటికి ఉప్పు, కారం, వేడి తెలిశాయి. మిగతాది వాళ్ల మొహాలు చూసి తిన్నాను. ఎదురుగా అత్తమ్మ కూడా అలాగే తింటోంది, ముక్క నమలడం ఆపి అందరి మొహాలూ చూస్తూ.

జులై 22, మంగళవారం

ఆయనకి చెప్పాం. ఒట్టు ప్రకారం అత్తమ్మే చెప్పింది. నేను ఆమె వెనక నిలబడ్డాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. నేను బట్టలు సర్దుకోవాలేమో అనుకున్నాను.

గంటకి వచ్చాడు. కోపం కాదు. సుల్తాన్ బజార్ దాకా వెళ్లి గ్యాస్ అలారం తెచ్చాడు. గోడకి బిగించి, సిగరెట్ లైటర్ గ్యాస్ దానికి చూపించి మోగించాడు. ఇల్లంతా అదిరింది. తరువాత తల్లి పక్కన కూర్చుని, నాలుగేండ్లా అమ్మా అన్నాడు. నన్ను ఆదివారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానన్నాడు.

వదినకి చెప్పొద్దని అత్తమ్మ అడిగింది. ఆయన సరే అన్నాడు. అత్తమ్మ అలారం ఎర్రలైటు చూసి నాతో అన్నది: "ఇగో, మన ముక్కు."

జులై 27, ఆదివారం

ఆయన బయట బిల్లు కడుతుంటే డాక్టర్ నాకు మెల్లగా వస్తుంది అన్నాడు. అత్తమ్మ సంగతి అడిగాను. నాలుగేళ్లయితే కష్టమన్నాడు. అది ఇంట్లో చెప్పలేదు. ఇద్దరికీ రాదన్నాడని చెప్పాను. ఎందుకలా చెప్పానో తెలియదు. ఆమె నా తల నిమిరి, పోనీలే, ఇద్దరం ఉన్నం అన్నది.

ఆగస్టు 9, శనివారం, పొద్దున

అత్తమ్మ తల దువ్వుతున్నాను. కొబ్బరినూనె వాసన వచ్చింది.

నా చేతిలో దువ్వెన ఆగింది. ఏమైందే అన్నది.

వెంట్రుకలు చిక్కుపడ్డాయి అత్తమ్మా అన్నాను.